లంకలో ఇంటింటా చుట్టాలమే

శుక్రవారం: మీనంబాక్కం నుంచి కటునాయక

సాయంత్రం పూట టీ.నగర్ నుంచి తాంబరం వెళ్ళడానికి పట్టే టైములో కొలంబో చేరిపోవచ్చు. విమానంలో ఇచ్చిన శాండ్‌విచ్‌లో ఏముందో మా ఆయన తేల్చుకునేలోపే, దిగుతున్నాం, బెల్టులు పెట్టుకోండన్నారు. ఇంత దగ్గరున్న దేశం ఇన్నేళ్ళూ చూడలేదేమిటంటే, మద్రాసు తెలుగువాళ్ళ ప్రయాణాలన్నీ ఉత్తరం దిక్కుకే. తిరుపతి, బెజవాడ, కాశీ.

మా మామగారి తరానికి లంక ఇంత కొత్త కాదు. ఎగ్మూరు స్టేషన్లో తిన్నగా కొలంబోకే టికెట్టు కొని బోట్ మెయిల్ ఎక్కేవారు. ధనుష్కోడి దాకా రైలు, అక్కణ్ణుంచి తలైమన్నార్‌కి స్టీమరు, ఒడ్డున మళ్ళీ రైలు. 1964 డిసెంబరు తుఫాను ధనుష్కోడిని ఊడ్చిపెట్టింది. ఆ తర్వాత రామేశ్వరం నుంచి నడిచిన పడవ కూడా లంకలో యుద్ధం ముదిరాక ఆగిపోయింది.

మేం వెళ్ళింది టూరు కంపెనీతో కాదు. మా ఆయన రోటరీ మనిషి. రోటరీలో ఫ్రెండ్‌షిప్ ఎక్స్ఛేంజ్ అని ఒక పద్ధతుంది. విమానం ఖర్చు మనది. దిగిన దగ్గర్నుంచీ పడక, తిండి, తిప్పడం ఆ ఊరి క్లబ్బులవి. కొన్నాళ్ళకి వాళ్ళొస్తే మనమూ అంతా చెయ్యాలి. పూర్వం గ్రూప్ స్టడీ ఎక్స్ఛేంజ్ అని ఉండేది, 1965లో మొదలైంది. అందులో ఉద్యోగాల్లో ఉన్న కుర్రాళ్ళని రోటరీ ఫౌండేషన్ సొమ్ముతో పంపేవారు. ఇప్పుడిలా మోకాళ్ళ నొప్పులవాళ్ళం సొంత ఖర్చుతో బయల్దేరుతున్నాం.

మా బృందంలో ఒక్క గుజరాతీ దంపతులు తప్ప అందరం చెన్నై తెలుగువాళ్ళమే. నాయకుడు పెరంబూరు పిల్లల డాక్టరుగారు. ఆయన టైం టేబులులో 'బాత్రూముకు పది నిమిషాలు' అని కూడా రాసి ఉంటుంది. కటునాయక విమానాశ్రయంలో కొలంబో క్లబ్బువాళ్ళు తమలపాకుల కట్ట రెండు చేతులతో అందించి వంగి నమస్కరించారు. అప్పుడే ఎవరు ఎవరింటికో జాబితా చదివారు. పెళ్ళయి ఇన్నేళ్ళకి, ముక్కూ మొహం తెలియని వాళ్ళింట్లో రాత్రి నిద్ర! ఆడిటరుగారి భార్య నా చెవిలో, "వదినా, కందిపొడి నీ పెట్టెలోనా నా పెట్టెలోనా?" అంది. నా పెట్టెలోనే ఉంది. ఆ రాత్రి ఆవిడ ఒక ఇంట్లో, పొడి ఇంకో ఇంట్లో.

శనివారం: కొలంబో

పొద్దున్నే కిరిబత్ పెట్టారు. కొబ్బరిపాలతో ఉడికించిన అన్నాన్ని పళ్ళెంలో పరిచి ముక్కలుగా కోస్తారు. శుభకార్యాలకి, కొత్తగా ఇంటికొచ్చినవాళ్ళకి ఇదే. పక్కన ఎర్రగా కొబ్బరి సంబోలు, మన పచ్చడిలాంటిది. ఇంటావిడ హడావుడిగా వచ్చి, "ఆగండి, అది మీది కాదు" అని గిన్నె మార్చింది. సంబోల్లో ఎండు చేప పొడి వేస్తారు, ఉంబలకడ అంటారు. మన ఇంగువలా అది అన్నిట్లోకీ వెళ్ళిపోతుంది. శాకాహారి అంటే చేప కూడా తిననివాడని అనుకోవడం అక్కడ అంత అలవాటు లేదు. ఇక్కడ నుంచి అన్ని ఊళ్ళలోనూ మా గుజరాతీ ఆవిడ మొదట అడిగే ప్రశ్న "ఇందులో ఉంబలకడ ఉందా?" అన్నదే అయ్యింది.

టిఫిను దగ్గర మాటలు 2022 మీదికి వెళ్ళాయి. దేశం అప్పులు కట్టలేమని చేతులెత్తేసిన ఏడాది. పెట్రోలుకి రెండు రోజులు కారులోనే పడుకున్నామని, తర్వాత ఫోన్లో క్యూఆర్ కోడు చూపిస్తే వారానికి ఇన్ని లీటర్లని పోసేవారని ఇంటాయన చెప్పారు. గ్యాసు లేక ఈ విశాలమైన ఇంటి పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి పెట్టారట. ఆ మే నెలలో చెన్నై రేవు నుంచి బియ్యం, పాలపొడి, మందులతో ఓడ వచ్చిందని ఆయన నాకు చెబుతుంటే సిగ్గేసింది. నలభై వేల టన్నుల బియ్యం పంపుతామని మన తమిళనాడు ప్రభుత్వం చెప్పిన సంగతి నేను పేపర్లో చదివి మర్చిపోయినదే.

నేషనల్ మ్యూజియం 1877 నాటిది. అక్కడ కాండీ రాజుల సింహాసనం ఉంది. 1693లో డచ్చివాళ్ళు బహుమతిగా ఇచ్చారు. 1815లో ఇంగ్లీషువాళ్ళు రాజ్యంతోపాటు దాన్నీ పట్టుకుపోయి విండ్సర్ కోటలో పెట్టుకున్నారు. 1934లో తిరిగొచ్చింది. దానిమీద చివరగా కూర్చున్న రాజు సంగతి కాండీలో చెబుతాను.

మధ్యాహ్నం నేత్రదాన సంఘానికి తీసుకెళ్ళారు. నాకు మర్యాద ప్రాజెక్టుల సందర్శనలంటే భయం. రిబ్బను, ఫోటో, బిస్కట్లు. ఇది అలా జరగలేదు. హడ్సన్ సిల్వా అనే వైద్యుడు 1961లో పెట్టిన సంస్థ. మొదట్లో దాత కళ్ళు ఆయన ఇంటి ఫ్రిజ్‌లోనే ఉండేవట. 1964లో సింగపూరుకి మొదటి కళ్ళు ఐసు పెట్టిన థర్మాస్ ఫ్లాస్కులో వెళ్ళాయి. ఆ తర్వాత ఎన్ని దేశాలకో పంపారు. తన కళ్ళు దానం చెయ్యడం బౌద్ధులకి పుణ్యకార్యం, జాతక కథల్లో శిబి రాజు కళ్ళిచ్చాడు కదా. మన కథలో శిబి ఇచ్చింది తొడమాంసం. మాజీ అధ్యక్షుడు జయవర్ధనే 1996లో పోతే ఆయన కళ్ళు జపాను వెళ్ళాయి. డాక్టరుగారు టైం టేబులు మడిచి జేబులో పెట్టేసి గంటసేపు ప్రశ్నలడిగారు.

సాయంత్రం క్లబ్బు మీటింగు. గంట కొట్టడం, పతాకాలు మార్చుకోవడం, ఉపన్యాసాలు. మద్రాసు క్లబ్బు, కొలంబో క్లబ్బు రెండూ 1929లోనే పుట్టాయి. రెండింటికీ బీజం వేసింది జేమ్స్ డేవిడ్‌సన్ అనే కెనడా ఆయనే. ఈ ముక్క ముగ్గురు వక్తలు మూడుసార్లు చెప్పారు. ఒక పెద్దాయన మాత్రం లేచి పోలియో సంగతి చెప్పి కూర్చున్నారు. యుద్ధం జరుగుతున్న రోజుల్లో చుక్కల మందు వేసే రోజులకి మాత్రం రెండు పక్షాలూ తుపాకులు దించేలా యూనిసెఫ్, రోటరీ కలిసి ఒప్పించాయి. ఆ పని నడిపినవారిలో ఒకరు కె.ఆర్.రవీంద్రన్. కొలంబో మనిషి, 2015లో ప్రపంచ రోటరీకే అధ్యక్షుడయ్యారు. లంకలో ఆఖరి పోలియో కేసు 1993లో. మన దేశంలో 2011 దాకా వచ్చింది.

ఆదివారం: పెరేలియ, గాలే

దక్షిణానికి సముద్రం పక్క రోడ్డునే వెళ్దామన్నాం. దారి పొడుగునా తెల్లబట్టల్లో పిల్లలు గుళ్ళకి వెళుతున్నారు, ఆదివారం అక్కడ ధర్మ పాఠశాల.

పెరేలియ దగ్గర వ్యాను ఆపారు. 2004 డిసెంబరు 26న, సునామీ నాడు, కొలంబో నుంచి మాతర వెళ్ళే రైలు ఇక్కడే ఆగింది. మొదటి అల వచ్చాక చుట్టుపక్కల జనం, రైలే గట్టి వస్తువనుకుని పెట్టెల్లోకి ఎక్కారు, పెట్టెల చాటున నిలబడ్డారు. రెండో అల రైలునే ఎత్తి పడేసింది. పోయినవాళ్ళు పదిహేడు వందలకి పైనే. రైలు ప్రమాదాల్లో ప్రపంచంలోనే ఇంత పెద్దది ఇంకోటి లేదంటారు. ఆ రైలు పేరు సముద్రదేవి. పట్టాలు మళ్ళీ అక్కడే వేశారు. మేం నిలబడి ఉండగానే ఒక రైలు కూత వేసుకుంటూ వెళ్ళింది, తలుపుల్లో కుర్రాళ్ళు వేలాడుతూ.

ఆ ఉదయం మెరీనా మీద నడకకి వెళ్ళి బతికి బయటపడ్డవాళ్ళు మా బృందంలో ఇద్దరున్నారు. గాలే క్లబ్బు రిటైర్డు టీచరమ్మ ఒకావిడ వ్యానులో ఆ ఇద్దరి పక్కనే కూర్చుని వచ్చింది. ఏం మాట్లాడుకున్నారో మేం అడగలేదు.

సునామీ తర్వాత లంక రోటరీ పాతిక బడులు కొత్తగా కట్టింది, పదిహేను వేల మంది పిల్లలకి. వాటిలో ఒకదాన్ని తాళం తీయించి చూపించారు. గోడమీద శిలాఫలకం దేశదేశాల క్లబ్బుల పేర్లతో నిండి ఉంది. మాకు ఫలకం దగ్గర ఫోటో తీశారు. నేనైతే నల్లబల్ల మీద చెరపకుండా వదిలేసిన లెక్కలే ఎక్కువసేపు చూశాను, మూడోది తప్పు చేశాడు.

గాలే కోట గోడలు డచ్చివాళ్ళవి. అల బయటి బస్టాండునీ క్రికెట్ మైదానాన్నీ ముంచింది కానీ కోట లోపలి ఊరు చాలావరకు నిలిచింది. కోట చుట్టూ నడక బాగుంటుంది. లోపలి కాఫీ హోటళ్ళలో ధరలు మాత్రం యూరోపువాళ్ళ కోసం రాసినవి.

సోమవారం: కాండీ

ఆ రోజు పోయ, అంటే పౌర్ణమి. దేశమంతా సెలవు, మద్యం దుకాణాలు బందు. రాత్రి క్లబ్బు ఫెలోషిప్ విందు కొబ్బరినీళ్ళతో జరుగుతుందని తెలిసి మా బృందంలో ఇద్దరు ముగ్గురు నీరసపడ్డారు. వాళ్ళ భార్యలు పోయ ప్రతి వారం వస్తే బాగుండునన్నారు.

బుద్ధుడి దంతాన్ని ఉంచిన దంతమందిరం దగ్గర చెరువు చుట్టూ ఇసక వేస్తే రాలని జనం. అందరూ తెల్లబట్టలే, చేతుల్లో తామరలు. 1998లో ఇక్కడ బాంబు పేలింది, అందుకే తనిఖీ గట్టిది. మా ఆడిటరుగారి పొడుం డబ్బా మీద పోలీసుకి చాలాసేపు అనుమానం తీరలేదు.

మాకు ఇక్కడ ఆతిథ్యం ఇచ్చినావిడ చరిత్ర లెక్చరరుగా పనిచేసి రిటైరయ్యారు. మేం తెలుగువాళ్ళమని తెలిసి, "అయితే మా చివరి రాజులు మీ చుట్టాలే" అన్నారు. అది వినాలనే నేను వచ్చాను కూడా. 1739లో కాండీ రాజుకి వారసుడు లేకపోతే, మధుర నుంచి వచ్చిన రాణి తమ్ముడు శ్రీ విజయ రాజసింహుడు గద్దెనెక్కాడు. వాళ్ళు నాయకరాజుల వంశం, తెలుగు మూలాలవాళ్ళు. నలుగురు రాజులు, 1815 దాకా. శైవంలో పుట్టినవాళ్ళు బౌద్ధానికి కాపలాదారులయ్యారు. వాళ్ళలో కీర్తిశ్రీ రాజసింహుడు, లంకలో సన్యాస దీక్షా పరంపర తెగిపోతే 1753లో సయాం (ఇప్పటి థాయిలాండ్) నుంచి భిక్షువుల్ని రప్పించి నిలబెట్టాడు. మేం చుట్టూ తిరుగుతున్న ఈ చెరువు చివరి రాజు శ్రీ విక్రమ రాజసింహుడు తవ్వించిందే. నా మొహం వెలిగిపోయి ఉంటుంది. ఆడిటరుగారైతే "మనవాళ్ళేనన్నమాట!" అని పైకే అన్నారు.

ఆవిడ నవ్వలేదు. చెరువు గట్టున బెంచీ మీద కూర్చోబెట్టి మిగతాది చెప్పారు. మంత్రి ఎహలేపోల తిరగబడి ఇంగ్లీషువాళ్ళతో చేతులు కలిపాడు. రాజు కోపం మంత్రి భార్యాపిల్లల మీద పడింది. 1814లో అందరూ చూస్తుండగా పిల్లల తలలు నరికించాడు. పెద్దవాడు భయపడి తల్లి చాటుకి వెళితే చిన్నవాడు, మద్దుమ బండార, "అన్నా భయపడకు, ఎలా చావాలో నేను చూపిస్తా" అని ముందుకొచ్చి మెడ వంచాడు. తల్లిని బోగంబర చెరువులో ముంచి చంపారు. ఈ కథ తెలియని పిల్లాడు లంకలో ఉండడు. "మీ చుట్టమే, కానీ మా ఇళ్ళలో అతని పేరు పెట్టుకోం" అన్నారు ఆవిడ. ఆ మరుసటి ఏడే సామంతులు రాజుని ఇంగ్లీషువాళ్ళకి అప్పగించి, మార్చి 2న ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. ఆ సంతకాలు జరిగిన కొయ్యస్తంభాల మండపం దంతమందిరం పక్కనే ఉంది.

నేను నోరు మూసుకుని కూర్చున్నాను. ఊరు కాని ఊళ్ళో మనవాళ్ళని వెతుక్కునేటప్పుడు మంచివాళ్ళే దొరకాలని ఎందుకనుకుంటామో. కాసేపటికి ఆవిడే అడిగారు: "అతన్ని మద్రాసుకే పంపారు కదా, తర్వాత ఏమయ్యాడు?" 1816లో ఓడలో తెచ్చి వేలూరు కోటలో ఉంచారని, 1832లో అక్కడే పోయాడని, పాలారు ఒడ్డున ముత్తు మండపమని సమాధి కట్టడం ఉందని చెప్పాను. వేలూరు ఆసుపత్రికి లెక్కలేనన్నిసార్లు వెళ్ళాను కానీ ఆ మండపం ముందు ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు. చెన్నై నుంచి ఎంత దూరమని అడిగారు. నూటనలభై కిలోమీటర్లన్నాను. నోట్‌బుక్కులో రాసుకున్నారు.

మంగళవారం: తేయాకు కొండలు

కాండీ నుంచి నాను ఓయ దాకా రైలు. కిటికీ సీట్ల కోసం ఆరు పదులు దాటినవాళ్ళు పడిన తగవు ఇక్కడ రాయను. లంకలో ముందు కాఫీ తోటలే ఉండేవి. జేమ్స్ టేలర్ అనే స్కాట్లండు మనిషి 1867లో లూల్‌కందుర తోటలో తేయాకు నాటాడు. రెండేళ్ళకే కాఫీ ఆకులకి తుప్పు తెగులు పట్టింది, క్రమంగా ఆ తోటలు పోయాయి. కొండలన్నీ తేయాకు అయ్యాయి. పనివాళ్ళని మాత్రం మన వైపు నుంచే తెచ్చారు.

మా ఆతిథేయి ఒక తోట మేనేజరు. ఇంగ్లీషువాళ్ళ కాలం బంగళా, పింగాణీ కప్పులు, తెల్ల చేతిగుడ్డ వేసుకున్న వంటమనిషి. క్లబ్బువాళ్ళు లైన్ల దగ్గర నడిపే పిల్లల కేంద్రం చూపించారు. లైన్లంటే కూలీలు ఉండే వరస గదులు. మేనేజరుగారు ఇంగ్లీషులో వివరిస్తున్నారు, మేం నలుగురు ఆడవాళ్ళం పక్కకి వెళ్ళి అరవంలో మాట కలిపాం. ఆ క్షణం నుంచి మాకు వేరే టూరు మొదలైంది. ఒకామె నన్ను గదిలోకి లాక్కెళ్ళి ప్లాస్టిక్ కుర్చీ వేసింది. ఆమె చిన్నమ్మ కుటుంబం, తోటవాళ్ళని రెండు దేశాలూ పంచుకున్న 1964 శాస్త్రి-సిరిమావో ఒప్పందం కింద ఇండియా వచ్చేసింది, కోత్తగిరి దగ్గర మళ్ళీ తేయాకే కోస్తున్నారు. ఒప్పందంలో ఐదు లక్షల పాతికవేల మందిని మన వాటాకి, మూడు లక్షల మందిని వాళ్ళ వాటాకి రాశారు. వీళ్ళింట్లో చిన్నమ్మ ఒక వాటా, అమ్మ ఇంకో వాటా. కోత్తగిరి చెన్నైకి దగ్గరేనా అని అడిగింది. రాత్రంతా బస్సులో వెళ్ళాలన్నాను. బంగళాలో తాగిన టీ కంటే ఇక్కడి టీ చిక్కగా ఉంది. ఇదే ఈ క్లబ్బు యాత్రల్లో లోపం. మనల్ని పెట్టేది బంగళాలో, చూపించేది లైన్లు. రెండింటి మధ్య నడక మన బాధ్యత.

బుధవారం: అనురాధపురం, కుడాగమ

పొద్దున్నే బయల్దేరి బోధివృక్షం చేరాం. అశోకుడి కూతురు సంఘమిత్ర తెచ్చిన కొమ్మ ఇది. బంగారు రంగు ఊతకర్రల మీద కొమ్మలు ఆనించి ఉన్నాయి. నాగార్జునకొండలో లంక భిక్షువుల కోసం కట్టిన సింహళ విహారం ఉందని చెబితే మా గైడు, బాగా చదువుకున్న కుర్రాడు, నాకంటే ఎక్కువ చెప్పాడు.

మధ్యాహ్నం నేను పట్టుబట్టి పెట్టించుకున్న కార్యక్రమం. తంబుత్తేగమ దగ్గర కుడాగమ అనే ఊళ్ళో అహికుంటికలు ఉంటారు. పాముల్ని ఆడించి, కోతుల్ని ఆడించి, చేతులు చూసి జోస్యం చెప్పి బతికినవాళ్ళు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు. క్లబ్బు సెక్రటరీ లాయరుగారికి ఇది నచ్చలేదు. "అక్కడ చూడ్డానికేముంది మేడం?" అన్నారు. డాక్టరుగారు టైం టేబులు చూపించారు. మొత్తానికి గంటన్నర ఇచ్చారు.

చిన్న చిన్న ఇటిక ఇళ్ళు, వాకిళ్ళు శుభ్రంగా ఊడ్చి ఉన్నాయి. పూర్వం తాటాకు గుడారాలు గాడిదల మీద వేసుకుని తిరిగేవాళ్ళు, ఒకచోట కొద్దిరోజులకి మించి ఉండేవారు కాదు. ఒక ముసలాయన బుట్ట మూత తీశాడు, నాగుపాము పడగెత్తింది. ఫోన్లన్నీ లేచాయి. నేను ముసలమ్మ దగ్గర కూర్చున్నాను. ఆవిడ ముందు నా కాలి మెట్టెలు చూసింది. తర్వాత తెలుగులో, ఎంతమంది పిల్లలని అడిగింది. మాటలు మనవే, ఈడ్పు మాత్రం సింహళం. సగం అర్థమైంది, మిగతా సగం ఆవిడే చేత్తో చెప్పింది. కొడుకు కూలిపనికి వెళతాడు, పాముల పని వద్దన్నాడు. మనవరాలు బడికి వెళుతుంది. "బళ్ళో చేరినాక మా మాట మాట్లాడదు" అంది. ఆ పిల్ల గుమ్మం పక్క నుంచి సింహళంలో ఏదో అని లోపలికి పారిపోయింది.

నాకు అన్నానగర్‌లో ఉన్న మా మనవడు గుర్తొచ్చాడు. బళ్ళో తమిళం, ఇంగ్లీషు, ఫ్రెంచి. తెలుగులో వాడికి వచ్చింది అన్నం తినడానికి సరిపడా. మా ఇంట్లో తెలుగు ఎన్ని తరాలుంటుందని ఈవిడ నన్నడిగితే ఏం చెప్పేదాన్నో. అడగలేదు. నా చెయ్యి చూసి, ఇంకా చాలా ఊళ్ళు తిరుగుతానంది. డబ్బులిస్తే తీసుకుంది, కందిపొడి పొట్లం ఇస్తే వాసన చూసి కొడుకుని పిలిచింది. లాయరుగారు దూరంగా కారు నీడన నిలబడి ఉన్నవారు, తిరుగు దారిలో, తన ఊరికి పాతిక కిలోమీటర్లలో ఉన్న ఈ ఊరికి తాను రావడం ఇదే మొదలన్నారు.

గురువారం, ఆ తర్వాత

కటునాయకకి తిరుగు ప్రయాణంలో చెప్పుకోదగ్గదేమీ లేదు. విమానాశ్రయంలో అందరూ టీ పొట్లాలు కొన్నారు, తోటలో చవగ్గా దొరికినవే.

ఇప్పుడు వాళ్ళొస్తున్నారు. మార్గళి (ధనుర్మాసం) కచేరీల రోజుల్లో రావాలని వాళ్ళే కోరారు. మా ఇంట్లో మీటింగు పెట్టాం, ఎవరింట్లో ఎవరని. ఆడిటరుగారి అపార్టుమెంటులో లిఫ్టు పనిచెయ్యదు. గుజరాతీవాళ్ళింట్లో చేప వండరు, మూడు రోజులు చేప లేకుండా ఉండగలవాళ్ళనే పంపమన్నారు. కాండీ లెక్చరరుగారు మా ఇంటికే, అందులో చర్చ లేదు. ఆవిడ ఉత్తరంలో మూడు కోరికలు రాశారు: కచేరీ సభ క్యాంటీన్లో భోజనం, కాంచీపురం చీర, వేలూరు.

డాక్టరుగారి టైం టేబులులో వేలూరుకి చోటు లేదు. ఒక రోజు మహాబలిపురం, ఒక రోజు డయాలసిస్ సెంటరు, ఒక సాయంత్రం క్లబ్బు మీటింగు, అందులో ఐదు ఉపన్యాసాలు. మహాబలిపురం తీసేస్తే ఆయన ఒప్పుకోరు. డయాలసిస్ సెంటరు తీసేయమని నేను అడగను. ఉపన్యాసాలు ఒకటికి తగ్గించి, మీటింగుని వేలూరు నుంచి తిరిగొచ్చిన రాత్రికి జరపమన్నాను. మొదటి నాలుగు ఉపన్యాసాలు ఎవరివో వాళ్ళు ఇంకా ఒప్పుకోలేదు. వచ్చే మంగళవారం ఓటింగు.